బద్రీలో పదకొండు రోజులు, ఒక్క ఫోన్ కాల్

2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు మేం బద్రీనాథ్‌లో ఇరుక్కుపోయిన సంగతి అడిగినోళ్లందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేసింది, ఒకసారి రాసి పెట్టుకుంటే ఇంకెవరైనా అడిగినప్పుడు ఇదే పంపించేయొచ్చని కూర్చున్నా.

నాన్న పోయి ఏడాది దాటింది, బద్రీలో అలకనంద నది ఒడ్డునున్న బ్రహ్మకపాలంలో పిండం పెట్టించాలని అమ్మ పట్టుదల. అక్కడ పెడితే ఇంక ఏటేటా తద్దినం అక్కర్లేదంటారు కదా, మా పురోహితుడు మాత్రం అదేం కుదరదు పెట్టాల్సిందే అన్నాడు, అది వేరే గొడవ. భీమవరం చుట్టుపక్కల ఊళ్లవాళ్లం మొత్తం 26 మందిమి, ఎక్కువమంది అరవై దాటినోళ్లే, వంట మాస్టారు బియ్యం, పప్పు, పచ్చళ్లతో సహా మాతోనే వచ్చాడు. కేదార్‌నాథ్ ముందే అయిపోయింది, 13న దర్శనం చేసుకుని 14న కేదార్ నడక మొదలయ్యే గౌరీకుండ్‌కి దిగిపోయాం, 15 సాయంత్రానికి బద్రీ. ఈ తేదీలు ఇప్పటికీ వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ ఉంటా.

16 పొద్దున్న జోరు వానలోనే పిండప్రదానం. అమ్మ గొడుగు పట్టుకుంది గానీ గాలికి అది వెనక్కి తిరగబడిపోయింది, అన్నం ముద్దలు చేతిలోనే జారిపోతున్నాయి, కింద అలకనంద చేసే హోరుకి పంతులుగారి మంత్రం వినపడక నేను ఆయన పెదాలు చూసి చెప్పేశా. మర్నాడు బయల్దేరదామంటే రోడ్డు లేదన్నారు. బ్లాక్ అవ్వడం కాదు, లేదు. లంబగడ్ దగ్గర నది రోడ్డునే తినేసింది, కింద గోవింద్‌ఘాట్‌లో పార్కింగ్‌లో ఉన్న బళ్లు కూడా కొట్టుకుపోయాయన్నారు. కింద ఉన్న పట్టణం జోషీమఠ్ నలభై అయిదు కిలోమీటర్లే, కానీ నడిచి దిగడానికి మాలో సగంమందికి మోకాళ్లు లేవు.

నిజం చెప్పాలంటే బద్రీలో మాకేం కాలేదు. కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది, చలి, అంతే. గుడి దగ్గరి వేడినీటి బుగ్గ తప్తకుండంలో నీళ్లు ఎప్పట్లాగే పొగలు కక్కుతున్నాయి, వాన తెరిపివ్వగానే రోజూ స్నానం, దర్శనం, క్యూ కూడా లేదు. కేదార్‌నాథ్ పైనున్న చోరాబారి సరస్సు గట్టు 17 పొద్దున్న తెగి ఊరంతా బండరాళ్ల కింద పోయిందని, మేం నాలుగు రోజుల ముందు టీ తాగిన కొట్లు లేవని మాకేం తెలుసు. ఇక్కడ మేం పులిహోరలో నిమ్మకాయ తక్కువైందని వంట మాస్టారితో దెబ్బలాడుకుంటున్నాం, అక్కడ ఊళ్లో టీవీ ముందు కూర్చుని మా వాళ్లు మమ్మల్ని తలుచుకుని ఏడుస్తున్నారు.

మూడో రోజు నుంచి మాస్టారు కొలత మొదలెట్టాడు. మనిషికి గరిటెడు ఉప్మా, దాని మీద వేలితో రాసినంత గోంగూర పచ్చడి. ఆ సీసా రాత్రిళ్లు తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. బయట మామూలు టీకి కూడా ఒకడు నాలుగింతలు గుంజాడు, ఇంకో ఇంటావిడ పిలిచి మరీ రొట్టెలు పెట్టి డబ్బులిస్తే తిట్టింది. రెండూ ఒకే సందులో.

తర్వాత ఆర్మీ వాళ్లు శాటిలైట్ ఫోన్ తెచ్చారు. పెద్ద లైను. ఒక్కో గుంపుకి ఒక్క కాల్, ఒక్క నిమిషం. ఇక్కడొచ్చింది చిక్కు, 26 మందిలో ఒక్కడికి కూడా ఒక్క నంబరు నోటికి రాదు! అన్నీ సెల్లులో ఉన్నాయి, సెల్లులు చచ్చి మూడు రోజులైంది. రిటైర్డ్ లెక్కల మాస్టారొకాయన ఉన్నారు, పదిహేడో ఎక్కం అప్పజెబుతారు, కొడుకు నంబర్లో మొదటి నాలుగంకెల దగ్గర ఆగిపోయారు. నాకు నా భార్య నంబరే రాలేదు, ఈ మాట ఇంట్లో చదవకపోతే బాగుండు.

నాకొచ్చిన నంబరు ఒక్కటే, నాన్న కిరాణా కొట్టు ల్యాండ్‌లైను. బోర్డు మీద పసుపు రంగుతో రాసి ఉండేది, చిన్నప్పుడు కౌంటర్ దగ్గర కూర్చుని నేనే ఎత్తేవాణ్ణి. ఇప్పుడు బాబాయి చూసుకుంటున్నాడు. లైన్లో నిలబడే టూర్ రసీదు వెనక అందరి పేర్లూ ఊళ్లూ రాసుకున్నా. నాలుగోసారి మోగాక ఎత్తాడు, ఎవరండీ అన్నాడు, బాబాయ్ నేను, బద్రీలో ఉన్నాం, అమ్మ బాగుంది, పెన్ను తియ్యి అన్నా. అవతల ఏడుపు. బాబాయ్ ఏడవకు రాసుకో, టైం లేదు అని అరుస్తూ గబగబా చదివేశా, పక్కన జవాను వేళ్లు చూపించి సెకన్లు లెక్కపెడుతున్నాడు. చివరి ఊరు పేరు సగంలో ఉండగా లైను కట్.

22న ముసలివాళ్లని ముందు ఎక్కించారు, అమ్మ హెలికాప్టర్ ఎక్కుతూ సంచీ వదలనంది, బరువు ఎక్కువైందని జవాను దింపేశాడు, గంగాజలం చెంబు మాత్రం చీర చెంగులో దాచి పట్టుకెళ్లిపోయింది. తర్వాత మళ్లీ వాతావరణం పాడై, నా వంతు 26న వచ్చింది. ఆ ముందు రోజే గౌరీకుండ్ దగ్గర వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ కూలి 20 మంది రక్షణ సిబ్బంది పోయారని జోషీమఠ్‌లో దిగాక ఎవరో చెప్పారు. మమ్మల్ని ఎక్కించిన కుర్రాడి మొహం గుర్తొచ్చింది, అతనికి ఆ సంగతి తెలిసే ఎక్కించి ఉంటాడు, మొహంలో ఏం కనపడనివ్వలేదు. జోషీమఠ్ నుంచి బస్సులో హరిద్వార్, ఢిల్లీలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాకా నాకు నిద్ర పట్టలేదు.

ఊరొచ్చాక కొట్టుకెళ్తే బాబాయి అరువు ఖాతా పుస్తకం తీసి చూపించాడు. ఎవరిదో రెండు కేజీల కందిపప్పు బాకీ కింద వరసగా పేర్లు, తప్పుల తడకగా, మధ్యలో కన్నీళ్లకి సిరా అలుక్కుపోయి. ఆ పేజీ చూసి ఒక్కో ఇంటికీ సైకిలేసుకుని వెళ్లి చెప్పొచ్చాడట, దూరపు ఊళ్లకి బస్సెక్కి మరీ. లెక్కపెట్టా, 25 ఉన్నాయి. రెండోసారీ 25. నా పేరే నేను చదవలేదు. నువ్వే మాట్లాడుతున్నావు కదరా, రాయడం దేనికి అన్నాడు బాబాయి.