టీబీ మందులు నేనూ ఎగ్గొట్టాను

మొన్న బుధవారంతో నా టీబీ కోర్సు అయిపోయింది. చివరి తెమడ పరీక్ష నెగెటివ్. ఆ కాగితం ఇంకా జేబులోనే ఉంది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తీసి చూపిస్తున్నాను.

నేను హైస్కూల్లో బయాలజీ మాస్టార్ని. 22 ఏళ్ల సర్వీసు. యాంటీబయాటిక్స్ మధ్యలో ఆపేస్తే క్రిములు మొండికేస్తాయని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

జబ్బు బయటపడటం పెద్ద కథేం కాదు. తగ్గని దగ్గు, సాయంత్రమైతే జ్వరం, ఐదు కిలోలు దిగిపోవడం. ప్రైవేటులో సిరప్‌లకి నాలుగు వేలు వదిలాక ప్రభుత్వాసుపత్రికి వెళ్తే తెమడ పరీక్ష చేసి మర్నాటికల్లా చెప్పేశారు. మందులు ఉచితం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్ల, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. నా బరువుకి రోజుకి నాలుగు బిళ్లలు.

ఇంట్లో మా అమ్మ కంచం, గ్లాసు వేరు పెట్టింది. ఆవిడ్ని ఏమనను? ఆవిడ చిన్నప్పుడు క్షయ అంటే మదనపల్లె శానిటోరియమే, రోగిని ఇంటికి దూరంగా ఉంచే ఆసుపత్రి. కానీ స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు, ఎమ్మెస్సీ చదివిన మనిషి, నా గ్లాసు తీసి కిటికీలో పెట్టాడు. టీబీ గాలి ద్వారా వస్తుంది, గ్లాసు ద్వారా కాదు. 1950ల్లో మద్రాసులో కొందరు రోగుల్ని శానిటోరియంలో, కొందర్ని వాళ్ల ఇళ్లల్లోనే ఉంచి మందులిచ్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంటి దగ్గరున్నవాళ్లకీ దాదాపు అంతే బాగా తగ్గింది, ఇంట్లోవాళ్లకి అదనంగా అంటుకున్నదీ లేదు. ఇదంతా చెబితే ఆయన తలూపాడు. గ్లాసు మాత్రం కిటికీలోనే ఉంది.

అసలు సంగతి ఆరో వారంలో. దగ్గు పోయింది, నాలుగు కిలోలు పెరిగాను, మెట్లు ఎక్కుతున్నా ఆయాసం లేదు. పొద్దున్నే పరగడుపున ఆ బిళ్లలు మింగితే మాత్రం కడుపులో తిప్పుడు, మూత్రం నారింజ రంగు. అంటే మింగినప్పుడే నేను రోగిని, మింగకపోతే మామూలు మనిషిని! ఒకరోజు పెళ్లికి వెళ్తూ మానేశాను. ఏమీ కాలేదు. రెండోరోజూ మానేశాను. అలా తొమ్మిది రోజులు. మా ఆవిడ అడిగితే వేసుకున్నాననేవాణ్ని. మిగిలిన బిళ్లల స్ట్రిప్పులు జవాబు పత్రాల కట్టల వెనక దాచాను. నలభై ఎనిమిదేళ్ల మనిషిని.

మా ఊరి ఆశా వర్కర్ నా దగ్గర టెన్త్ చదివిన పిల్లే. ఆ ఆదివారం వచ్చి అరుగు మీద కూర్చుని, "సార్, మూత్రం రంగు మారుతోందా?" అంది. ఆ, మారుతోందన్నాను. "బిళ్లలు ఒకసారి చూపిస్తారా?" అంది. తప్పించుకోడానికి లేదు, తెచ్చి ఇచ్చాను. పేపరు పరిచి స్ట్రిప్పులన్నీ పేర్చి, వేలితో తాకుతూ పైకే లెక్కపెట్టింది. గేటు దగ్గర పక్కింటాయన నిలబడి చూస్తున్నాడు.

"ఇరవై ఉండాలి సార్. యాభై ఆరు ఉన్నాయి."

"లెక్క తప్పుంటుందమ్మా."

మళ్లీ లెక్కపెట్టింది. యాభై ఆరే. తిడుతుందనుకున్నాను, బోర్డు మీద బొమ్మ గుర్తుచేస్తుందనుకున్నాను. తల ఎత్తకుండా, "కడుపులో తిప్పుతోందా సార్?" అంది. హోంవర్క్ చేయని పిల్లాణ్ని నలుగురిలో తిట్టడం ఇష్టంలేక నేను అడిగే మాట అది: "కడుపు నొప్పొచ్చిందా?" అని. వాడు తలూపేవాడు. నేనూ తలూపాను.

ఆమె మెడికల్ ఆఫీసర్‌కి ఫోన్ చేసింది. మానేసిన తొమ్మిది రోజులూ కలిపి పూర్తిచేయాలన్నారు. తర్వాత రెండు వారాలు రోజూ ఏడింటికి వచ్చి, నేను మింగేదాకా గేటు దగ్గర నిలబడేది. నోరు తెరిచి చూపించమనలేదు, అదొక్కటే నయం.

తెలిసిన మనిషినే ఇలా ఎందుకు చేశానో అని తర్వాత కొంత చదివాను. హోవార్డ్ లెవెంథాల్ అని ఆరోగ్య మనస్తత్వ శాస్త్రంలో పెద్ద పేరు. 1985లో ఆయన బృందం బీపీ రోగుల మీద ఒక పరిశోధన ప్రచురించింది. బీపీ పెరిగితే మనిషికి తెలియదని వాళ్లలో చాలామంది ఒప్పుకున్నారు. కానీ తమ బీపీ పెరిగితే మాత్రం తమకి తెలిసిపోతుందన్నారు! డాక్టరు చెప్పే జబ్బు వేరు, మన మనసు గీసుకునే జబ్బు వేరు. దానికో పేరు, కారణం, గడువు మనమే పెట్టేసుకుంటాం. నా గడువు దగ్గు ఆగినరోజుతో అయిపోయింది. బీఈడీలో సైకాలజీ పేపర్‌కి డెబ్బై రెండు వచ్చాయి నాకు, ఏం లాభం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండు మాటలు. కడుపులో తిప్పితే డాక్టర్‌కి చెప్పండి, మీరే మానేయకండి. కళ్లు పచ్చబడినా చూపు మసకబారినా ఆరోజే వెళ్లండి. టీబీ రోగులకి ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేసే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకి వెయ్యి, మూడు వేల చొప్పున రెండుసార్లు వేస్తారు. నాకు పాత పాస్‌బుక్ మీది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వల్ల ఆగింది. అది చెప్పడానికి ఒక గుమాస్తా నన్ను నాలుగుసార్లు తిప్పించాడు. విలీనమైన బ్యాంకు పాస్‌బుక్ అసలు తీసుకెళ్లకండి. స్టాఫ్‌రూములో ముందే చెప్పకండి.

సోమవారం బడికి వెళ్తున్నాను. కిటికీలో గ్లాసు కడిగి, అందులోనే టీ పోయించుకుని లెక్కల మాస్టారి పక్క కుర్చీలో కూర్చుంటాను. రిపోర్టు జేబులోనే ఉంటుంది.