సొంత ఫోనులో ఆఫీసు మెయిల్: నా అనుభవం

ఈమధ్యే గచ్చిబౌలిలో కొత్త ఉద్యోగంలో చేరాను. సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా, ల్యాప్‌టాప్ వగైరా ఒక్క పూటలో అయిపోయాయి. చిక్కంతా ఫోను దగ్గరే వచ్చింది.

"మెయిల్ మీ ఫోనులో పెట్టుకోండి, రాత్రిళ్లు కూడా చూడాల్సి ఉంటుంది" అన్నారు మేనేజర్. కంపెనీ మాత్రం ఫోను ఇవ్వదట. సరేనని మెయిల్ యాప్‌లో ఆఫీసు ఖాతా చేర్చబోయాను. డివైస్ అడ్మిన్ అనుమతి అడుగుతూ ఒక పేజీ వచ్చింది. మొత్తం డేటా తుడిచేయడం, స్క్రీన్ లాక్ మార్చడం, ఫోనును లాక్ చేయడం, వీటన్నిటికీ ఒప్పుకోవాలట. అందరూ చూడకుండా నొక్కేసేది ఇక్కడే. నేను ప్రతి అక్షరం చదివాను.

ఐటీ డెస్క్‌కు వెళ్లి, "నేను ఉద్యోగం మానేస్తే మీరు చెరిపేది మెయిల్ ఒక్కటేనా, ఫోనంతానా?" అని అడిగాను. అక్కడి కుర్రవాడు నవ్వాడు. "అంత దాచుకోవాల్సినవి ఏమున్నాయి మేడమ్? ఇలా ఇవ్వండి, నేను చేసేస్తాను" అంటూ నా చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేశాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మ దగ్గర్నుంచి వాట్సాప్ సందేశం. అతను దాన్ని పైకే చదివాడు: "మేడమ్, అప్పు సంగతి మీ ఆయనకు చెప్పారా అని అమ్మగారు అడుగుతున్నారు." వెనక వరసలో నిలబడ్డ కొత్తవాళ్లంతా ముసిముసిగా నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఫోను లాక్కుని వచ్చేశాను. ఆ రోజు అన్నం కూడా సహించలేదు. (అప్పు మా తమ్ముడి చదువు కోసం. అయినా వాళ్లకెందుకు?)

హెచ్ఆర్ ఆవిడ ఇంకో మెట్టు పైన. ఫోనును ఎప్పుడైనా తనిఖీ చేయడానికి సమ్మతిస్తున్నానని ఒక పత్రం పంపి సంతకం చేయమంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిందని రాశాను. ఆవిడ బదులుగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం చూపించింది. నిజమే, అందులో 7వ సెక్షన్ ఉద్యోగ అవసరాలకు మన సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు ఇచ్చింది. కాబట్టి చట్టం వల్లించి నెగ్గుదామనుకోకండి. 'ఏమి చూస్తారు, ఏమి చెరుపుతారు' అని మెయిల్‌లో అడగండి. రాతపూర్వకంగా అడిగితే వాళ్లకు కంగారు.

నా మెయిల్ తిరిగి తిరిగి సెక్యూరిటీ విభాగంలో ఒక పెద్దాయనకు చేరింది. "ఆ పాత పద్ధతి ఎవరు చెప్పారమ్మా? ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ ఉంది కదా" అన్నారు. కాసేపట్లో పని పూర్తయింది. ఆఫీసు యాప్‌లు బ్రీఫ్‌కేసు గుర్తుతో విడిగా ఉంటాయి. వాళ్లకు ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ లాంటివి తెలుస్తాయి కానీ నా ఫొటోలు, సందేశాలు, సొంత యాప్‌లు కనబడవు. చెరిపినా ఆ భాగమే పోతుంది. సాయంత్రం ఆ ప్రొఫైల్‌ను ఆపేసుకోవచ్చు కూడా, నేను ఆపేస్తున్నాను. ఇక ఆఫీసు మెయిల్‌లో రాసింది ఏ ఫోను నుంచి రాసినా వాళ్లు చదవగలరు, అక్కడ ఇంటి విషయాలు వద్దు. ఐఫోను ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో జనరల్ కింద 'వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్' తెరిచి, కంపెనీ ఏమి పెట్టిందో చూసుకోండి.

డెస్క్ కుర్రవాడు ఇప్పటికీ కొత్తవాళ్లకు పాత పద్ధతే చెబుతున్నాడట. మీకు అలాంటివాడు తగిలితే ఫోను మాత్రం చేతికివ్వకండి.