వేడి ఎటు పోతోంది?

మా లేత్ షెడ్ హైదరాబాద్ బాలానగర్‌లో. ప్రాజెక్టుల సీజన్ మొదలైతే ఇంజినీరింగ్ పిల్లలు డ్రాయింగులు పట్టుకుని వస్తారు. "అన్నా, టైటానియంలో చేసిస్తారా?" అని అడుగుతారు. ఉక్కు కన్నా తేలిక, తుప్పు పట్టదు, బలానికి ఢోకా లేదు. అన్నీ నిజమే. నేను మాత్రం అది వేడిని ఎంత మోస్తుందో ముందు చూస్తా.

లేత్ అంటే ముక్కని తిప్పుతూ కోసే మెషీన్. దాని మీద కోతలో పుట్టిన వేడి ఎటో ఒకవైపు పోవాలి. మైల్డ్ స్టీల్ (మామూలు ఉక్కు) అయితే చాలావరకు చిప్స్‌తోనే, అంటే కోతలో ఊడే చెక్కులతోనే వెళ్లిపోతుంది, అందుకే అవి ఒక్కోసారి నీలం రంగు తిరుగుతాయి. అల్యూమినియం వేడిని ఇంకా బాగా లాగేస్తుంది కానీ మెత్తన, కోసే టూల్ అంచుకి అంటుకుపోతుంది. టైటానియంలో ఎక్కువగా వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన మిశ్రమం. మైల్డ్ స్టీల్ మోసే వేడిలో సుమారు 7వ వంతే అది మోస్తుంది. మిగిలిందంతా టూల్ కొన దగ్గర నిలిచి, అక్కడ బిగించే కోత బిళ్లని (ఇన్సర్ట్‌ని) తినేస్తుంది. స్పీడ్ తగ్గించాలి, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధారగా పోయాలి. సన్నటి రజనుకి నిప్పు కూడా అంటుకుంటుంది. 1973లో కంచన్‌బాగ్‌లో పెట్టిన ప్రభుత్వ లోహాల సంస్థ మిధాని మన ఊళ్లోనే ఈ లోహం తయారు చేస్తోంది, అయినా పిల్లల ప్రాజెక్టుకి ఇంత ఖర్చెందుకు? చాలా వాటికి అల్యూమినియం సరిపోతుంది.

కాస్ట్ ఐరన్ నాకిష్టం. లోపలి గ్రాఫైట్ రేకుల వల్ల చిప్స్ పొడిగా రాలతాయి, చేతులు నల్లబడతాయి, అంతే.

నైలాన్ అసలు వేడినే మోయదు. టూల్ మొద్దుబారితే కరిగి దారాలు దారాలుగా చుట్టుకుంటుంది. పైగా తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిగ్గా కూర్చున్న బుష్ (లోపల షాఫ్ట్ తిరిగే గొట్టం ముక్క) వానలకి షాఫ్ట్‌ని పట్టేస్తుంది. అలాంటి చోట తేమ పెద్దగా పీల్చని ప్లాస్టిక్ డెల్రిన్ వాడమంటా.

అల్యూమినా లాంటి సిరామిక్ మా వల్ల కాదు. బట్టీలో కాల్చాక దాన్ని అరగదీయడానికి డైమండ్ వీల్ (వజ్రపు పొడి చక్రం) కావాలి. వేడికి జంకదు కానీ వంగడం తెలీదు, చెప్పాపెట్టకుండా పగులుతుంది.

కార్బన్ ఫైబర్ తెచ్చేవాళ్లు మాత్రం ముందే ఫోన్ చేయండి. పోగు వెంట ఉన్న బలం అడ్డంగా ఉండదు. అడ్డంగా పట్టి ఉంచేది పోగుల్ని అతికించే జిగురు, రెజిన్ ఒక్కటే. డ్రిల్ వేడెక్కితే ఆ రెజినే మాడి పొరలు లేస్తాయి. దాని దుమ్ములో కరెంటు పారుతుంది, ప్యానెల్‌లోకి వెళ్తే షార్ట్ అవుతుంది. ఆ జాబ్ ఉన్న రోజు వాక్యూమ్ పెట్టి, పక్క మెషీన్లు ఆపేస్తాం. రేటు కూడా ఆ లెక్కనే ఉంటుంది.