సిగ్నల్ అందని క్యాంపులో పాఠాలు

12 గంటల షిఫ్టు దిగి గదికి చేరాక చదువుకి మిగిలేది మహా అయితే ఒక గంట. సరిగ్గా ఆ వేళకే క్యాంపంతా ఇళ్లకి వీడియో కాల్స్ చేస్తుంటుంది. దాంతో ఆన్‌లైన్ క్లాసు గిర్రున తిరుగుతూ ఉండిపోతుంది. పరాయి దేశంలో పనిచేస్తూ అక్కడి భాషో, సేఫ్టీ కోర్సో నేర్చుకోవాలంటే పాఠాలు ముందే దించిపెట్టుకోవడం మేలు.

యాప్‌లో డౌన్‌లోడ్ నొక్కడంతో పని అయిపోదు. చాలా యాప్‌లలో దించిన వీడియోకి గడువు ఉంటుంది. కొన్నాళ్లు నెట్ తగలకపోతే లైసెన్సు సరిచూసుకోలేక ఫైలు తెరుచుకోదు. సైటుకో ఓడకో వెళ్లేముందే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒక్కో పాఠం తెరిచి చూడాలి. వీలైతే మామూలు ఎంపీ4, పీడీఎఫ్ ఫైళ్లే ఇమ్మని కోర్సు వాళ్లని అడగాలి.

నలుగురైదుగురు కలిసి చదివేట్టయితే ఒక పాత ల్యాప్‌టాప్‌ని గది సర్వర్‌గా, అంటే పాఠాలు దాచి అందరి ఫోన్లకి అందించే కంప్యూటర్‌గా వాడుకోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ చిన్నదే, కరెంటు తక్కువే తాగుతుంది. కానీ ఉన్నట్టుండి కరెంటు పోతే దాని ఎస్‌డీ కార్డులో డేటా పాడవచ్చు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా, ఆ బెడద లేదు. మూత వేసినా నిద్రపోకుండా సెట్టింగ్ మార్చుకుంటే చాలు. అందులో కొలిబ్రి అనే పాఠాల సాఫ్ట్‌వేర్ వేస్తే పాఠాలు, క్విజ్‌లు, ఎవరు ఎంతవరకు వచ్చారన్న లెక్క అన్నీ నెట్ లేకుండానే నడుస్తాయి. వికీపీడియా లాంటివి నెట్ లేకుండా చదవడానికి కివిక్స్ అనే యాప్ ఉంది. వెబ్‌సైటు మొత్తం ఒకే జిమ్ (.zim) ఫైలుగా వస్తుంది.

ల్యాప్‌టాప్‌ని ఒక రౌటర్‌కి కలపాలి. రౌటర్‌కి ఇంటర్నెట్ కనెక్షన్ అక్కర్లేదు. విండోస్ హాట్‌స్పాట్‌ని నమ్ముకుంటే కష్టం. పంచడానికి నెట్ లేదంటూ అది మొరాయిస్తుంది, పైగా 8 పరికరాలకి మించి రానివ్వదు. రౌటర్‌లో ల్యాప్‌టాప్‌కి ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఖాయం చేసి, ఆ అంకెలు గోడమీద రాసిపెట్టాలి. ఫోన్‌ని రౌటర్ వైఫైకి కలిపి బ్రౌజర్‌లో ఆ అంకెలు కొడితే పాఠాల పేజీ వస్తుంది. కొలిబ్రి అయితే అడ్రస్ చివర్లో :8080 అని పోర్టు నంబరు కూడా కలపాలి.

అన్నీ సరిగ్గా పెట్టినా పేజీ రాలేదంటే దోషం ఎక్కువగా రెండుచోట్లే. ఒకటి ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్: నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉంటే బయటి ఫోన్లని ఆపేస్తుంది, 'ప్రైవేట్' చేయాలి. రెండోది ఫోన్‌లో: వైఫైలో ఇంటర్నెట్ లేదని కనిపెట్టి అది చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది. మొబైల్ డేటా ఆపేసి చూడండి.

ఫైళ్లు మోసుకొచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా విండోస్‌లో 'ఫైలు మరీ పెద్దది' అనే వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయాలి, లోపలున్నది పోతుంది కాబట్టి ముందే వేరే చోట దాచుకోవాలి. ఆఫీసు కంప్యూటర్‌లో ఆ డ్రైవ్ పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. యూఎస్‌బీ వాడకంపై కంపెనీల నిబంధనలు కఠినంగా ఉంటాయి, చదువు కోసమన్నా ఊరుకోరు.

సైజు విషయానికొస్తే, 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు) ఆడియో గంటకి సుమారు 29 ఎంబీ. 500 కేబీపీఎస్ వీడియోకి అదే ఆడియో కలిపితే సుమారు 254 ఎంబీ. మాటలే ప్రధానమైన పాఠానికి వీడియో దండగ. వెల్డింగులో చేతి కదలిక నేర్పే పాఠానికి ఉత్త ఆడియో దండగ. వీడియోలు హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లోనే ఉంచితే పాత ఫోన్లలోనూ ఆడతాయి. తెలుగు సబ్‌టైటిల్ ఫైలుని యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపించే పద్ధతి) సేవ్ చేసి, వీడియోకున్న పేరే పెడితే వీఎల్‌సీ ప్లేయర్ దానంతటదే తీసుకుంటుంది.

అసలు చిక్కు పాఠం రావడంలో కాదు, మన జవాబు వెనక్కి వెళ్లడంలో ఉంది. మూడిల్ అనే ఆన్‌లైన్ కోర్సుల యాప్‌లో క్విజ్‌ని నెట్ లేకుండా రాసి తర్వాత సింక్ చేయొచ్చు, కానీ టీచర్ అక్కడ ఆ క్విజ్‌కి అనుమతి పెట్టి ఉండాలి. ఇది చేరేముందే అడగాల్సిన ప్రశ్న. భాషా పాఠాల్లో ఉచ్చారణ దిద్దేవాళ్లు లేకపోతే తప్పే అలవాటైపోతుంది. అందుకని ఒక నిమిషం రికార్డింగులు పోగుచేసి సెలవురోజున టీచర్‌కి పంపాలి, ఆయన కూడా ఆడియోలోనే దిద్ది పంపితే మళ్లీ మళ్లీ వినొచ్చు. పంపాల్సిన గడువు సాధారణంగా కోర్సు నడిపే దేశపు గడియారం ప్రకారమే ఉంటుంది. మన రాత్రి 10 గంటలకి అక్కడ తేదీ మారిపోయి ఉండొచ్చు, ఒకరోజు ముందే పంపేయడం నయం.