గమకం లేని కల్యాణి

వియన్నాలో మూడు రోజులూ వానే. లింట్స్ స్టేషన్ దగ్గర కాఫీకి 5 యూరోలు తీసుకున్నారు. ఆ చిరాకుతోనే సాంక్ట్ ఫ్లోరియన్ బస్సెక్కాను. తండ్రి పోయాక, 1837లో, ఆస్ట్రియా స్వరకర్త ఆంటోన్ బ్రూక్నర్ బాలగాయకుడిగా చేరిన మఠం అది. ఇప్పుడు ఆ చర్చి ఆర్గన్ కిందనే ఆయన సమాధి.

ఆ సాయంత్రం బృందగానం. పాత చర్చి సంగీతంలోని మోడ్‌లు, అంటే మన మేళాల్లాంటి స్వరవరసలు, శతాబ్దాల వెంట ఎలా నడిచాయో వరుసగా పాడి వినిపించారు. మోడ్ అనగానే నాకు మా మాస్టారి హార్మోనియం గుర్తొస్తుంది. నల్లమెట్లు ముట్టకుండా, షడ్జమాన్ని, అంటే 'స'ను, ఒక్కో తెల్లమెట్టు మీదికి జరుపుతూ శంకరాభరణంలోంచి ఖరహరప్రియ, తోడి, కల్యాణి రాగాలు తీసేవారు. ఇలా 'స' మార్చి కొత్త రాగం తీయడాన్నే గ్రహభేదం అంటారు; నేను నేర్చుకున్నది అలాగే.

మొదట లాటిన్ స్తోత్రం. డోరియన్, అంటే మన ఖరహరప్రియ స్వరాలే. అందరిదీ ఒకే గొంతు. శ్రుతి లేదే అనుకున్నాను గానీ, ఆ రాతి కప్పు కింద ముందు పాడిన స్వరం పోకుండా నిలిచి, తర్వాతి స్వరానికి తానే తంబురా అయింది. తర్వాత ఇంగ్లీషు స్వరకర్త థామస్ టాలిస్ 1567లో ఇంగ్లీషు కీర్తనలకు కట్టిన మూడో మోడ్ బాణీ. అది ఫ్రిజియన్, మన తోడి స్వరాలే కనుక తోడి కోసం చెవులు రిక్కించాను. తోడి రాలేదు. గాంధారం కదలదు, ఊగదు. స్వరాలన్నీ ఉండి రాగం లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది.

అప్పుడు బ్రూక్నర్ 1879 నాటి లాటిన్ బృందగానం 'ఓస్ యూస్టి'. లిడియన్ మోడ్, మన కల్యాణి స్వరాలు. మొత్తం రచనలో ఒక్క షార్పూ లేదు, ఒక్క ఫ్లాటూ లేదు. అవే మాస్టారి తెల్లమెట్లు, మధ్యమం మీద షడ్జమం. నాలుగు గొంతులు ఎనిమిదిగా చీలి పైకి లేచాయి. ప్రతిమధ్యమం, అంటే పై మధ్యమం, మోగినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వరాన్ని ఊపే గమకం లేకపోయినా అది కల్యాణే. చివరికి అన్ని గొంతులూ కలిసిపోయి, తోడు స్వరమేదీ లేకుండా ఒక్క అల్లెలూయా మిగిలింది.

బస్సుకు నలభై నిమిషాలు ఆగాలి. చలిలో నిలబడి కల్యాణి కూనిరాగం తీస్తుంటే, పక్కనున్న ముసలావిడ మళ్లీ పాడమని సైగ చేసింది. ఆరోహణ పాడాను. అవే స్వరాలను ఆమె ఒక్క ఊపు లేకుండా, గీత గీసినట్టు పాడి వినిపించింది. బస్సు వచ్చేదాకా ఇద్దరం అలాగే పాడుకున్నాం.