ఫీనిక్స్ ఎడారిలో పెద్ద రివాల్వర్లతో

అమెరికాలోని ఫీనిక్స్ నుంచి ఐ-17 హైవే మీద ఉత్తరంగా వెళ్లి, కేర్‌ఫ్రీ హైవే దగ్గర పడమటికి తిరిగితే బెన్ ఏవరీ షూటింగ్ ఫెసిలిటీ వస్తుంది. అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ నడిపే పబ్లిక్ రేంజ్ ఇది. చుట్టూ నిలువెత్తు సగువారో జెముళ్లు, ఎదురుగా రాతిగుట్టలు. మేము నలుగురం జనవరిలో వెళ్లాం. వెళ్తే నవంబరు, మార్చి మధ్యే వెళ్లాలి. వేసవిలో ఇక్కడ ఎండ 43 డిగ్రీలు దాటుతుంది, చెమట పట్టిన అరచేతిలో పెద్ద రివాల్వర్ జారిపోతుంది.

టికెట్లు కొనేముందే తేల్చుకోవాల్సింది వీసా సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా, స్నేహితుడి తుపాకీ పట్టుకున్నా ఇదే చట్టం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు దొరుకుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. మాలో హెచ్-1బీ మీద ఉన్న మిత్రుడు ముందే లైసెన్స్ తీసుకుని, ప్రింట్ జేబులో పెట్టుకుని వచ్చాడు. మన ఐటీ కుర్రాళ్లు చాలామంది ఇది తెలియకుండానే వారాంతాల్లో రేంజ్‌లకు వెళ్తున్నారు. సరదాకు చేసిన పని ఇమిగ్రేషన్ ఫైలుకు ఎక్కే ప్రమాదం ఉంది కాబట్టే ఇంత నొక్కి చెబుతున్నాను.

విమానంలో అయితే తుపాకీ ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్‌ఇన్ సామానులోనే వెళ్లాలి. కౌంటర్ దగ్గర నోటితో చెప్పాలి. తూటాలు వాటి డబ్బాల్లోనే ఉండాలి. చాలా ఎయిర్‌లైన్స్ 5 కిలోల దగ్గర పరిమితి పెడతాయి. .500 అనే పెద్ద రివాల్వర్ తూటాలతో ఆ 5 కిలోలు ఇట్టే నిండిపోతాయి.

మన ఊళ్లలో లైసెన్స్ రివాల్వర్ అనగానే కాన్పూర్‌లో తయారయ్యే .32 (ఈ అంకె బుల్లెట్ వెడల్పు, సుమారుగా అంగుళాల్లో) గుర్తొస్తుంది. దాని బుల్లెట్ బరువు ఆరు గ్రాముల పైచిలుకు. .44 మాగ్నమ్ అనే పెద్ద తూటాలో మామూలుగా వాడే 240 గ్రెయిన్ల బుల్లెట్ పదిహేనున్నర గ్రాములు, సెకనుకు 400 మీటర్ల దరిదాపుల్లో వెళ్తుంది. ఐడహోలో పశువుల రాంచ్ నడిపిన ఎల్మర్ కీత్ ఏళ్ల తరబడి పట్టుబట్టగా, 1955 చివర్లో స్మిత్ అండ్ వెసన్ ఈ తూటాకు రివాల్వర్ తయారుచేసింది. తర్వాత దానికే మోడల్ 29 అని పేరు పెట్టారు. మా పెట్టెలో ఆరున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న మోడల్ 29 ఒకటి, రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ ఒకటి, .454 కసుల్ తూటాకు చేసిన ఫ్రీడమ్ ఆర్మ్స్ మోడల్ 83 ఒకటి, 2003లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 500 ఒకటి ఉన్నాయి.

రేంజ్‌లో మొదటి జాగ్రత్త చెవులకు. ఈ తుపాకుల మోత 160 డెసిబెల్స్ దాటుతుంది. లోపల ఫోమ్ ప్లగ్స్, పైన మఫ్స్, రెండూ ఉండాలి. ఫోమ్‌ను సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. సగం బయటే ఉంటే పెట్టుకోనట్టే లెక్క. మజిల్ బ్రేక్ (మూతి దగ్గరి రంధ్రాల అమరిక) ఉన్న తుపాకీ అయితే పేలుడు గాలిని పక్కలకు చిమ్ముతుంది కనుక, మేము వరుస చివరి బెంచి అడిగి తీసుకున్నాం. అధికారులు విరామం ప్రకటించినప్పుడు సిలిండర్ (తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే భాగం) తెరిచి, ఖాళీ చేసి, బెంచి మీద పెట్టి వెనక్కి జరగాలి. ఆ సమయంలో ఎవరూ తుపాకీని ముట్టుకోకూడదు.

25 గజాల దగ్గర మోడల్ 29తో మొదలుపెట్టాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పిడి వెనక వీలైనంత పైకి వెళ్లాలి. కిందికి పట్టుకుంటే మూతి మరింత పైకి లేస్తుంది. రెండో చెయ్యి మొదటి చేతి వేళ్లను చుట్టి, సుత్తి పట్టుకున్నంత గట్టిగా బిగించాలి. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. కట్టెలా బిగదీస్తే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్ను నేరుగా భుజానికీ మణికట్టుకూ తగులుతుంది. పిస్టల్ అలవాటు ఉన్నవాళ్లు ఎడమ బొటనవేలిని ముందుకు చాపుతారు. రివాల్వర్‌తో అది ఎంత మాత్రం కుదరదు. బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. పేలినప్పుడు అక్కడి నుంచి మంట, సీసపు రేకులు పక్కలకు కత్తిలా దూసుకొస్తాయి. .44లో గరిష్ఠ పీడనం 36,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే .454లో 65,000. ఆ పీడనం దగ్గర వేలు సందు పక్కన ఉంటే కండ, ఎముక కూడా తెగే ప్రమాదం ఉంది. రెండు బొటనవేళ్లూ ఒకదానిమీద ఒకటి, సిలిండర్‌కు వెనకే ఉండాలి. బెంచి మీద ఇసుక సంచి ఆసరా పెట్టినప్పుడు కూడా ఈ సందు కింద తోలు ముక్క వేయకపోతే సంచి గుడ్డ కాలిపోతుంది.

గురిలో ఒక విడ్డూరం ఇక్కడ కళ్లకు కడుతుంది. దగ్గరి దూరంలో బరువైన, నెమ్మదైన బుల్లెట్ పైన తగులుతుంది, వేగమైనది కింద తగులుతుంది. బుల్లెట్ బ్యారెల్‌లో ఉండగానే మూతి లేవడం మొదలవుతుంది, నెమ్మదైన బుల్లెట్ ఎక్కువసేపు లోపల ఉంటుంది, అదీ కారణం. పట్టు వదులైనా ఇదే జరుగుతుంది. ఒకే డబ్బా తూటాలు నిలువు గీతలా పడుతున్నాయంటే సైట్ (గురి చూసే అమరిక) తిప్పే పని లేదు, ప్రతిసారీ పట్టు ఒకేలా ఉందో లేదో చూసుకోవాలి.

సూపర్ బ్లాక్‌హాక్ సంగతి వేరు. దాని పిడి నున్నగా వంగి ఉంటుంది. పేలినప్పుడు తుపాకీ చేతిలో వెనక్కి దొర్లుతుంది, హామర్ (తూటాను పేల్చే సుత్తి) బొటనవేలికి అందేంత దగ్గరకొస్తుంది. దాన్ని ఆపడానికి కుస్తీ పట్టకూడదు, దొర్లనివ్వాలి. అయితే ఇందులో ట్రిగ్గర్ గార్డ్ వెనక వైపు చదరంగా ఉండి, నడివేలి కణుపును గట్టిగా కొడుతుంది. ఆ వేలికీ గార్డ్‌కూ మధ్య కాస్త ఎడం ఉంచి పట్టుకోవాలి. పలచని తోలు గ్లవ్ కూడా బాగా పనికొస్తుంది.

మోడల్ 83 ఐదు తూటాల తుపాకీ. వయోమింగ్ రాష్ట్రంలోని ఫ్రీడమ్ అనే చిన్న ఊళ్లో చేసింది. పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కో తూటా దూర్చాలి. దీని బిగింపు చూస్తే ముచ్చటేస్తుంది, సిలిండర్ పట్టుకుని ఊపితే ఇసుమంత కదలిక ఉండదు. ఈ స్థాయి తన్నుకు వచ్చే చిక్కు తూటాల్లో ఉంటుంది. తుపాకీ వెనక్కి విసురుగా వచ్చినప్పుడు సిలిండర్‌లోని మిగతా గదుల్లో ఉన్న షెల్స్ (తూటాల లోహపు తొడుగులు) దానితో పాటు వెనక్కి వస్తాయి, లోపలి బుల్లెట్లు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. షెల్ అంచు బిగింపు వదులుగా ఉంటే బుల్లెట్ ముందుకు జారి, సిలిండర్ ముఖం దాటి పొడుచుకొచ్చి, ఫ్రేమ్‌కు తట్టుకుంటుంది. ఇక సిలిండర్ తిరగదు. కొత్త బ్రాండు తూటాలు కొన్నప్పుడు నాలుగు పేల్చి, ఐదోది బయటికి తీసి, డబ్బాలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చాలి. తేడా కనిపిస్తే ఆ డబ్బా ఆ తుపాకీకి పనికిరాదు.

మోడల్ 500లో 400 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 26 గ్రాములు, సెకనుకు 500 మీటర్ల చుట్టుపక్కల వెళ్తుంది. శక్తి .44 కంటే రెండున్నర రెట్లు. ఎనిమిది అంగుళాల పైచిలుకు బ్యారెల్‌తో తుపాకీ బరువు రెండు కిలోలు. ఆ బరువు, మూతి దగ్గరి బ్రేక్ కలిసి తన్నును చాలావరకు మింగేస్తాయి. మణికట్టుకు నొప్పి ఎవరూ చెప్పలేదు, కానీ చప్పుడుకు ఛాతీ అదురుతుంది, ముందున్న దుమ్ము తెరలా లేస్తుంది. దీన్ని తొలిసారి పట్టేవాళ్లకు ఒకే ఒక్క తూటా వేసి ఇవ్వాలి. తుపాకీ ఎగిరినప్పుడు పట్టు సడలి, మళ్లీ బిగించే క్షణంలో వేలు తెలియకుండానే ట్రిగ్గర్‌ను రెండోసారి లాగేస్తుంది. అప్పటికి మూతి ఆకాశం వైపు, ఒక్కోసారి తలవైపే ఉంటుంది. సిలిండర్‌లో రెండో తూటా లేకపోతే ఈ ప్రమాదమే లేదు. అనుభవం ఉన్నవాళ్లమైనా మేమూ ఒకటి, ఆపై రెండు, అలాగే వెళ్లాం.

అసలు పోరాటం ఉలికిపాటుతో. పేలకముందే కళ్లు మూసుకుపోవడం, మూతి కిందికి కుంగడం మొదలైతే తూటాలన్నీ లక్ష్యం కింద పడతాయి. దానికి పాత మందే మంచి మందు. పక్కవాడు సిలిండర్‌లో ఖాళీ షెల్స్, అసలు తూటాలు కలిపి వేసి ఇస్తాడు. హామర్ ఖాళీ షెల్ మీద పడినప్పుడు ముందు సైట్ ముల్లు కదలకుండా ఉండాలి. కదిలితే తన్ను తక్కువగా ఉండే .44 స్పెషల్ తూటాలకు దిగి, ముల్లు నిలిచేదాకా అక్కడే ఉండాలి. అలసిన చేతితో పేల్చే ప్రతి తూటా ఈ జబ్బును ముదరబెడుతుంది. .500 ఒక్కో తూటా మూడు డాలర్లు దాటుతుంది కూడా. ఒక పూటకు పది, పదిహేను చాలు.

మధ్యాహ్నం నుంచి దూరాల మీద పడ్డాం. ఈ తుపాకుల ఆనందమంతా దూరంలోనే ఉంది. హ్యాండ్‌గన్ సిలువెట్ పోటీల్లో ఇనుప కోళ్లు 50 మీటర్ల దగ్గర, పందులు 100, టర్కీ కోళ్లు 150, పొట్టేళ్లు 200 మీటర్ల దగ్గర నిలబెడతారు. తగిలితే చాలదు, పడాలి. పొట్టేలు 20 కిలోల పైన బరువుంటుంది, అందుకే బరువైన బుల్లెట్లు. 50 మీటర్లకు సరిచేసిన .44 బుల్లెట్ 200 మీటర్లకు మీటరు పైనే కిందికి దిగుతుంది. నాలుగు దూరాలకూ వెనక సైట్ ఎన్ని క్లిక్కులు తిప్పాలో ముందే కాగితం మీద రాసుకుని డబ్బా మూతకు అంటించాలి. మా లక్ష్యాలు కాగితాలే అయినా దూరాల లెక్క మాత్రం ఇంచుమించు ఇదే పాటించాం. 200 గజాల దగ్గర నిలబడి, సింగిల్ యాక్షన్‌లో హామర్ వెనక్కి లాగి, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్ నొక్కాక బుల్లెట్ చేరడానికి అర సెకను పైనే పడుతుంది. ఆ ఎదురుచూపు రైఫిల్‌లో దొరకదు.

ఆటలో ఆగాల్సిన చోట్లు రెండు. చప్పుడు మామూలు కన్నా చిన్నగా, తుస్సుమన్నట్టు వస్తే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. మరో తూటా పేల్చకుండా ఖాళీ చేసి చూడాలి. హామర్ పడినా పేలకపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు తెరవాలి.

మోడల్ 29, 500లలో ఖాళీ షెల్స్ తీసేటప్పుడు మూతి ఆకాశం వైపు ఎత్తి, ఎజెక్టర్ రాడ్‌ను అరచేత్తో ఒక్క దెబ్బలో కొట్టాలి. మెల్లగా తోస్తే కాలని మందు రవ్వలు నక్షత్రం ఆకారపు ఎజెక్టర్ కింద చేరి, సిలిండర్ బిగుసుకుపోతుంది. చాలామంది తుపాకీ పాడైందనుకునేది దీన్నే, పాత టూత్‌బ్రష్‌తో రెండు నిమిషాల్లో పోతుంది. ఎజెక్టర్ రాడ్, పక్క పలక మరలు, స్కోప్ మరలు తన్నుకు వదులవుతాయి. ప్రతి యాభై తూటాలకు చేతితో తడిమి చూడాలి.

సాయంత్రం మోటెల్‌లో శుభ్రం చేసుకుంటుంటే మోడల్ 29 గదుల్లో నల్లటి వలయం కనిపించింది. స్పెషల్ షెల్ పొట్టిది, దాని మూతి దగ్గర మసి పేరుకుంటుంది. అలాగే వదిలేస్తే మాగ్నమ్ షెల్ అక్కడ ఇరుకుతుంది, పీడనం కూడా పెరుగుతుంది. సాల్వెంట్ పోసి పావుగంట నానబెట్టి, కంచు బ్రష్‌తో ఆరు గదులూ తోమాలి. తర్వాత ఖాళీ మాగ్నమ్ షెల్ ఒక్కో గదిలో వదిలితే, నొక్కకుండానే దాని బరువుకే అంచుదాకా దిగాలి.