థిసిల్‌గార్మ్ మోడల్: వెనక ముక్క మళ్లీ వంగింది

మళ్లీ అదే గొడవ. రెజిన్ 3డి ప్రింటర్‌తో థిసిల్‌గార్మ్ అనే ఓడ మోడల్ చేస్తున్నా. స్టెర్న్ (ఓడ వెనక భాగం) ముక్క ప్రింటర్ ప్లేట్ మీంచి తీసినప్పుడు బ్రహ్మాండంగా ఉంది, యూవీ క్యూరింగ్ (అతినీలలోహిత కాంతితో గట్టిపరచడం) అయ్యేసరికి డెక్ దగ్గర గోడలు రెండూ లోపలికి వంగిపోయాయి. ఒళ్లు మండిపోతోంది.

అసలు ఎస్‌ఎస్ థిసిల్‌గార్మ్ పొడవు 126.5 మీటర్లు, అంటే 1/350 స్కేల్‌లో 361 మి.మీ. నా ప్రింటర్‌కి పట్టదు కాబట్టి మూడు ముక్కలు చేసి, రెండో అతుకు నాలుగో హోల్డ్ (సరుకు గది) దగ్గర పెట్టాను. 1941 అక్టోబర్ 6 తెల్లవారుజామున ఎర్ర సముద్రంలో లంగరేసి ఉన్న ఈ సరుకు ఓడ మీద జర్మన్ హైంకెల్ విమానం బాంబులు పడ్డది అక్కడే. లోపలి మందుగుండు పేలి, డెక్ మీది రెండు ఆవిరి రైలింజిన్లు ఎగిరిపడ్డాయి, తొమ్మిది మంది చనిపోయారు.

కొలతలు చెప్తా. నడిమి ముక్క వెడల్పు 50.6 మి.మీ. స్టెర్న్ ముక్క కింద 50.5, డెక్ దగ్గర 49.1! పక్కకి 0.75 చొప్పున మెట్టు, అసలు ఓడ మీదైతే పావు మీటరు పైనే. పుట్టీతో కప్పేయొచ్చు, కానీ సాండింగ్‌లో రేకుల అతుకుల గీతలన్నీ పోతాయి, అది నాకు ఇష్టం లేదు. గోడ మందం 1.8 నుంచి 2.5కి పెంచితే 49.5 వచ్చింది. కడిగిన ఆల్కహాల్ ఆరలేదేమోనని రాత్రంతా వదిలేసి క్యూర్ చేసినా తేడా లేదు. తెరిచి ఉన్న చివర అడ్డంగా ఒక కడ్డీ కలిపి ప్రింట్ చేస్తే 50.3 నిలిచింది, హమ్మయ్య అనుకుని కడ్డీ కోసేస్తే పొద్దుటికి 49.6. కుంచించుకునే బలం గోడల్లోనే ఉండిపోతోందని నా అనుమానం. నీళ్లతో కడిగే రెజిన్ వాడమని కొందరంటారు కానీ, పొడుగాటి ఓడలకి దాన్ని నేను నమ్మను.

ముందు ముక్క, బ్రిడ్జ్, చిమ్నీ బాగా వచ్చాయి. టమియా గ్రే ప్రైమర్‌కి సాటి లేదు.

ఈసారి అతుకు నుంచి 3 మి.మీ. లోపల శాశ్వతంగా ఒక బల్క్‌హెడ్ (అడ్డగోడ) పెడతా, హాచ్ (సరుకు గది ద్వారం) మూత కింద ఎలాగూ కనపడదు. అందరూ సముద్రం అడుగున 30 మీటర్ల లోతులోని శిథిలాన్నే చేస్తారు, నాకు మాత్రం ఇంజిన్లతో, లారీలతో నిండుగా ఉన్న ఓడే కావాలి. సరుకులోని నార్టన్ బైకులు ఈ స్కేల్‌లో సుమారు 6 మి.మీ. మాత్రమే ఉంటాయి, వాటికి ఎచ్చింగ్ రేకు (యాసిడ్‌తో ఆకారాలు కోసే పలుచటి లోహపు రేకు) గీయడం మొదలుపెట్టాను.